మ్యాపులో గీత ఉంది, మరి దారి ఉందా?

డిసెంబరులో ఏ శనివారమైనా సరే, రాత్రి మూడు దాటాక పెందుర్తి కూడలిలో ఓ గంట నిలబడితే వైజాగ్‌కి ఎంత మంచు పిచ్చి పట్టిందో తెలుస్తుంది. మంకీ క్యాపు మీద హెల్మెట్టు, ట్యాంకు మీద బిగించిన బ్యాగు, నాలుగేసి ఆరేసి బళ్ళు ఒకదాని వెనక ఒకటి. అరకు పోయేవాళ్ళు ఎస్.కోట వైపు, వంజంగి పోయేవాళ్ళు చోడవరం వైపు. వాళ్ళని వెక్కిరించే అర్హత నాకు లేదు. పన్నెండేళ్ళుగా నేనూ ఆ గుంపులోవాణ్ణే.

తారు ఉన్నంతసేపూ పేచీ లేదు. ఘాట్ ఎక్కాక ఎక్కడో ఓ మలుపులో తారు పక్కనుంచి మట్టిదారి ఒకటి చీలుతుంది. ఫోను తీసి చూస్తే మ్యాపులో దానికో సన్నటి గీత. గీత చివర ఓ జలపాతమో, వ్యూ పాయింటో. గీత ఉంది కాబట్టి దారి ఉన్నట్టే, దారి ఉంది కాబట్టి వెళ్ళొచ్చు. ఇదీ మన లెక్క.

రెండేళ్ళ కిందట సెప్టెంబరులో అనంతగిరి మండలంలో ఒక చిన్న గూడెం పక్కనుంచి అలాంటి గీతే పట్టుకుని ఐదుగురం వెళ్ళాం. కిలోమీటరున్నర ఉంటుంది. ముందురోజు రాత్రి వాన పడింది. నా బండి దగ్గర దగ్గర 200 కిలోలు, దాని మీద నేనొకణ్ణి. ఎగువలో వెనక చక్రం గిర్రున తిరుగుతోంది గానీ బండి కదలదు. తోశాం, రాళ్ళేశాం, మళ్ళీ తోశాం. మొత్తానికి ఎక్కాం, జలపాతం చూశాం, ఫొటోలు దిగాం. జలపాతం ఫొటో కంటే బురదలో కూరుకున్న బండి ఫొటోకే ఎక్కువ లైకులొచ్చాయి. నవంబరులో మళ్ళీ అటు వెళ్తే, మా చక్రాలు తిరిగిన చోట మోకాలి లోతు గండి. తలమీద చోళ్ళ మూటతో ఒక ముసలమ్మ దాన్ని దాటలేక పక్క తుప్పల్లోంచి దిగుతోంది. "బళ్ళేసుకొచ్చి ఎల్లిపోతారు బాబూ మీరు. మేం రోజూ నడాల గదా," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అప్పటిదాకా అది తప్పా ఒప్పా అన్న అనుమానం కూడా నాకు రాలేదు. వచ్చాక తెలిసినవాళ్ళని అడగడం మొదలెట్టాను: ఫారెస్టులో పనిచేసి రిటైరైన ఒకాయన్ని, రెవెన్యూ తెలిసిన స్నేహితుణ్ణి, జీపులు తోలే కుర్రాళ్ళని. అడిగినకొద్దీ అర్థమైందేమిటంటే, ఒక మట్టిదారి మీద బండి తోలొచ్చా అన్న ప్రశ్నకి జవాబు ఆ దారి మీద దొరకదు. ఆ దారి ఎవరి రికార్డులో ఏమని రాసి ఉందో అక్కడ దొరుకుతుంది. చాలా దారులు ఎక్కడా రాసి ఉండవు, అదొక చిక్కు.

మట్టిదారులన్నీ ఒకటి కావు

ఊళ్ళలో ఎడ్లబళ్ళూ పశువులూ తిరిగే దారికి మన భాషలో బోలెడు పేర్లు. గోదావరి వాళ్ళు పుంత అంటారు, గుంటూరు వాళ్ళు డొంక అంటారు, శ్రీకాకుళం వైపు గోర్జి అన్న మాట వినిపిస్తుంది. ఇది రెవెన్యూ లెక్కలో పోరంబోకు, గ్రామ పటంలో కనిపిస్తుంది. ఎవరైనా నడవొచ్చు, బండి తోలొచ్చు. పంచాయతీ గ్రావెల్ రోడ్డూ అంతే. ఇక్కడ గొడవ తక్కువ.

అడవిలోకి వచ్చాక కథ మారుతుంది. కూపు రోడ్డు అని ఒకటుంది. ఒకప్పుడు కలప కొట్టడానికి అడవిని ముక్కలుగా, అంటే కూపులుగా, వేలం వేసిన రోజుల్లో దుంగల లారీలు దిగడానికి వేసిన దారి. కలప పోయింది, లారీలు పోయాయి, దారి ఉండిపోయింది. వెడల్పుగా, ఎక్కడా మరీ నిటారుగా లేకుండా, బైకు కోసమే చేసినట్టుంటుంది. కానీ అది రోడ్డు శాఖది కాదు, పంచాయతీది కాదు. అటవీశాఖ తన పనికోసం వేసుకున్నది. మీ పెరట్లో మీరు వేసుకున్న నాపరాళ్ళ బాట లాంటిది.

ఫైర్ లైను ఇంకా మోసగత్తె. వేసవి రాకముందే కొండవాలు మీద గడ్డీ తుప్పలూ బారుగా కొట్టేసి ఖాళీ చార తీస్తారు, మంట అటునుంచి ఇటు దాటకుండా. దూరం నుంచి చూస్తే అడవికి పాపిడి తీసినట్టుంటుంది. బైకువాడి కంటికి మాత్రం రోడ్డే. మంటని ఆపడానికి తీసిన చార మీదుగా పోయి, ఎండుగడ్డి పక్కన కాలుతున్న సైలెన్సరుతో బండి ఆపడం ఎంత విడ్డూరమో, ఆపినవాడికి ఆ క్షణంలో తట్టదు. నాకూ తట్టలేదు లెండి, ఒకసారి.

ఇక కాలిబాటలు. గూడెం నుంచి చెలమకీ, సంతకీ, కాఫీ తోటకీ జనం నడిచి నడిచి పడినవి. ఒకడు బైకు తీసుకెళ్తే మర్నాటికి అది బైకు దారి అవుతుంది. వాడు వెళ్ళిన జాడ ఫోనులోంచి ఎక్కడికో ఎక్కితే ఏడాదికల్లా మ్యాపులో గీత అవుతుంది. పుంతా, కూపు రోడ్డూ, ఫైర్ లైనూ, కాలిబాటా అన్నీ అక్కడ ఒకే రంగులో ఉంటాయి.

హక్కు ఎక్కడ, అనుమతి ఎక్కడ

ఒక కొండ రిజర్వు ఫారెస్టు అయ్యేటప్పుడు ఏం జరుగుతుందో చూస్తే ఈ ముడి కొంత విడుతుంది. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం ముందు సెక్షన్ 4 కింద ప్రకటన వస్తుంది. ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసరు వచ్చి, ఈ హద్దుల్లో ఎవరికైనా భూమి హక్కో, దారి హక్కో, మేత హక్కో ఉంటే చెప్పుకోమంటాడు. చెప్పుకున్నవి విచారించి, చివరికి సెక్షన్ 15 కింద రిజర్వు ఫారెస్టుగా ఖరారు చేస్తారు. గడువులో చెప్పుకోని హక్కు పోయినట్టే. కాగితం మీద న్యాయంగానే ఉంది. కానీ గెజిటులో అచ్చయిన ప్రకటన చదివి, మైళ్ళు నడిచి వచ్చి, "మా తాతల నాటి నుంచీ ఈ బాటన సంతకి పోతున్నాం" అని రాతపూర్వకంగా అర్జీ పెట్టుకునే వెసులుబాటు కొండమీద ఎందరికుంది? ఆ అన్యాయం జరిగిందని చట్టసభే ఒప్పుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలో 'చారిత్రక అన్యాయం' అన్న మాటే వాడారు.

అభయారణ్యమైతే తాళం ఇంకా గట్టిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సెక్షన్ 27 ప్రకారం లోపలికి పోగలిగేవాళ్ళు కొందరే: డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి, అక్కడ ఉండడానికి అనుమతి పొందినవాడు, లోపల స్థిరాస్తి హక్కు ఉన్నవాడు, వీళ్ళ మీద ఆధారపడినవాళ్ళు, ఇంకా పబ్లిక్ హైవే మీదుగా దాటిపోయేవాడు. మిగతా అందరికీ సెక్షన్ 28 కింద పర్మిట్ కావాలి. పరిశోధనకి, ఫొటోలకి, పర్యాటకానికి ఇస్తారు. లేకుండా పోతే మూడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. బండినీ స్వాధీనం చేసుకోవచ్చు.

ఇదంతా ఎక్కడో నల్లమల కథ అనుకోకండి. కంబాలకొండ మన ఊళ్ళోనే ఉంది. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, జాతీయ రహదారికి ఆనుకుని, జూకి ఎదురుగా. మధురవాడ అపార్టుమెంటు బాల్కనీలోంచి చూసేవాళ్ళకి అది కొండ, అంతే. ఆదివారం పొద్దున్న బండేసుకుని వెనకవైపు మట్టిదారిలో దూరితే సెక్షన్ 27 దాటామని ఎవరికనిపిస్తుంది? అదే అడవిలో శంభువానిపాలెం ఉంది. ఆ ఊరివాడు అదే దారిలో పాల క్యాన్లు కట్టుకుని వస్తే అతని హక్కు. దారి ఒకటే, చక్రమూ ఒకటే. తేడా మనిషి పనిలో ఉంది, మనిషి ఉనికిలో ఉంది. ఈ తేడా ఒప్పుకోకుండా "వాళ్ళకైతే వదుల్తారు, మాకైతే ఆపుతారు" అని వాదించే రైడర్లని చాలామందిని చూశాను. ఆ వాదన నాకు ఎప్పుడూ నచ్చలేదు.

చిరుతలున్న అడవి అది. దేవాంగపిల్లులూ ఉన్నాయి, రాత్రిపూట కొమ్మల మీద మెల్లగా కదిలే ప్రాణులు, కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. పగలు మనకి ఏమీ ఎదురుపడలేదంటే అక్కడ ఏమీ లేదని కాదు, మన బండి చప్పుడు మనకంటే ముందు పోయిందని. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే రోడ్డుకి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు వేస్తారు. కర్ణాటకలోని బందీపూర్‌లో 2009 నుంచి అవే వేళలు. అవి తారు రోడ్లు, పెద్ద రోడ్లు. అక్కడే రాత్రి బండి వద్దన్నప్పుడు మట్టిదారిలో నైట్ రైడ్ ముచ్చట ఎంతవరకు సబబో వేరే చెప్పక్కర్లేదు.

ఇంగ్లండులో ఇదే తగవు ఇంకో తీరున నడుస్తోంది. అక్కడి పల్లెల్లో తారు వేయని పాత దారుల్ని గ్రీన్ లేన్లు అంటారు. "ఒకసారి రహదారి అయితే ఎప్పటికీ రహదారే" అన్నది వాళ్ళ పాత న్యాయసూత్రం. రెండు వందల ఏళ్ళ కిందట ఆ దారిన గుర్రపు బళ్ళు నడిచాయని పాత పటాలు తెచ్చి నిరూపిస్తే ఇవాళ మోటారు సైకిలుకీ హక్కు వచ్చేది. గుర్రపు బండికీ ఇంజిను బండికీ ఒకే హక్కేమిటని గోల పెరిగి 2006లో చట్టం చేశారు. ఆ ఏడాది మే 2 నాటికి మోటారు దారిగా రికార్డుకి ఎక్కనివాటి మీద, కొన్ని మినహాయింపులు పోగా, మోటారు హక్కు రద్దయింది. రికార్డుకి ఎక్కినవాటి మీద జాతీయ ఉద్యానవనంలో సైతం తోలొచ్చు. అయితే దారి విడిచి పక్కకి దిగితే నేరం. బండి ఆపుకోవడానికైతే 15 గజాల దాకా వెసులుబాటు, అంతే. అక్కడి జాతీయ ఉద్యానవనం మన అభయారణ్యం లాంటిది కాదని గుర్తుంచుకోవాలి. ఊళ్ళూ, పొలాలూ, గొర్రెల మందలూ అన్నీ అందులోనే.

అదే చట్టం ఉద్యానవనాల పాలక సంస్థలకి బళ్ళ మీద ఆంక్షలు పెట్టే అధికారమూ ఇచ్చింది. పీక్ డిస్ట్రిక్ట్‌లో కొన్ని దారులు మోటారుకి శాశ్వతంగా మూశారు. లేక్ డిస్ట్రిక్ట్‌లో టిల్బర్‌త్వైట్ దగ్గర, పాత పలకరాయి గనుల దారుల మీద, మూయకూడదని 2019లో అక్కడి సంస్థ తేల్చింది. మూయాల్సిందేనని కోర్టుకెళ్ళినవాళ్ళు 2020లో ఓడిపోయారు. చెడగొట్టకుండా కాపాడడానికీ, జనం ఆనందించడానికీ మధ్య పొంతన కుదరనప్పుడు కాపాడడానిదే పైచేయి అని 1974లో లార్డ్ సాండ్‌ఫర్డ్ కమిటీ చెప్పిన మాట 1995లో చట్టంలోకి ఎక్కింది. అయినా ప్రతి దారి దగ్గరా ఆ పొంతన కుదిరిందా లేదా అన్న దగ్గరే మళ్ళీ తగవు.

వాళ్ళ గొడవలు మనకెందుకంటే, ఒక్క సంగతికి. అక్కడ తగవు పడుతున్న రెండు పక్షాల చేతుల్లోనూ ఒకే పటం ఉంటుంది. ఏది మోటారు దారి, ఏది గుర్రం దారి, ఏది కాలిదారి అన్నది రంగూ గుర్తూ వేసి అచ్చేసిన పటం. మన దగ్గర ఫారెస్టు వాళ్ళ పటం ఫారెస్టు వాళ్ళ దగ్గర, రెవెన్యూ పటం రెవెన్యూ వాళ్ళ దగ్గర, బైకు కుర్రాడి దగ్గర ఫోను. మనకూ వాడుక వల్ల వచ్చే దారి హక్కు ఉంది. 1882 ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏళ్ళు అడ్డు లేకుండా నడిచిన దారి మీద హక్కు వస్తుంది, ప్రభుత్వ భూమైతే 30 ఏళ్ళు. కానీ అది నడిచినవాళ్ళకి వచ్చే హక్కు, వారాంతంలో వచ్చిపోయేవాళ్ళకి కాదు.

మోటారు వాహనాల చట్టం గురించి ఒక్క మాట. మట్టి మీద చట్టం లేదని కొందరి నమ్మకం. జనం వెళ్ళే హక్కున్న ఏ చోటైనా ఆ చట్టానికి 'పబ్లిక్ ప్లేస్' కిందికే వస్తుంది, తారు ఉన్నా లేకున్నా. లైసెన్సు, ఇన్సూరెన్సు, సైలెన్సరు అన్నీ వర్తిస్తాయి. 175 సీసీ దాటిన బైకుకి కంపెనీ దగ్గర పెట్టిన పరిమితి 80 డెసిబెల్స్. దాన్ని విప్పేసి గొట్టం తగిలించుకుని కొండెక్కే వీరులకి ఏం చెప్పినా వినబడదు, వాళ్ళ చెవులూ ఆ గొట్టం పక్కనే ఉన్నాయి మరి.

ఎర్ర మట్టి సంగతి

బండి వల్ల దారి పాడవుతుందంటే చాలామంది నమ్మరు. "ఎడ్లబండి వల్ల పాడవలేదా? వాన వల్ల పాడవలేదా?" అంటారు. సరే, మట్టినే అడుగుదాం.

మన కొండలది ఖోండలైటు రాయి. ఇక్కడి కొండల్లో ఉండే ఖోండుల పేరే దానికి పెట్టారు. కైలాసగిరి, సింహాచలం కొండ, కంబాలకొండ అంతా అదే. వేడికీ వానకీ ఆ రాయి లోతుగా పులిసి, పొడై, జిగురున్న ఎర్రమట్టిగా మారుతుంది. ఎండలో ఇటుకంత గట్టి. తడిస్తే సబ్బు. అనంతగిరి, పాడేరు వైపు బాటలన్నీ ఈ సబ్బు మీదే.

దాని మీద చక్రం రెండు పనులు చేస్తుంది. నిదానంగా పోతే మట్టిని నొక్కుతుంది. నొక్కుకున్న మట్టిలోకి నీళ్ళు ఇంకవు, పైన పారతాయి. పట్టు దొరక్క గిర్రున తిరిగితే మట్టిని చీరుతుంది, గడ్డివేళ్ళతో సహా. ఎడ్లబండి మొదటి పని చేస్తుంది గానీ రెండోది చెయ్యదు. ఎద్దు లాగుతుంది, చక్రం ఊరికే దొర్లుతుంది. ఇంజిను బండికి చక్రమే లాగాలి. తేడా అంతా ఇక్కడుంది.

ఇక చక్రం పని అయిపోయాక వాన పని మొదలు. వాలు మీద పొడవుగా ఒక గాడి ఉంటే, అంతవరకు దారంతా పరుచుకుని నెమ్మదిగా జారిన నీళ్ళన్నీ అందులో దూరి వేగం అందుకుంటాయి. నీటి వేగం రెట్టింపైతే అది ఈడ్చుకుపోగల రాయి బరువు 64 రెట్లు పెరుగుతుందని నీటి శాస్త్రంలో పాత లెక్క ఒకటుంది. అందుకే సెప్టెంబరులో మేం వదిలిన అంగుళాల గాడి నవంబరుకి మోకాలి లోతు అయింది. గూడెం వాళ్ళు నీళ్ళు పక్కకి పోయేలా దారికి అడ్డంగా అక్కడక్కడా చిన్న కాలువలు కొడతారు. వాటి గట్లు మనకి గతుకుల్లా కనిపిస్తాయి, గ్యాసు ఇచ్చి ఎగరేస్తాం. రెండు గుంపులు అలా పోతే గట్టు ఉండదు.

రెండోసారి వచ్చినవాడు గాడి తప్పించుకోవాలని పక్కనుంచి పోతాడు. మూడోవాడు ఇంకా పక్కనుంచి. నాలుగడుగుల బాట ఇరవై అడుగుల బురద అవుతుంది, కాఫీ మొక్కల మొదళ్ళ దాకా. బురదలో పక్కకి తప్పుకోవడం మంచి రైడింగ్ అనుకుంటాం. నిజానికి గాడి పడిన చోట గాడిలోనే పోవాలి, లేదంటే వెనక్కి తిరగాలి.

గెడ్డ, అంటే వాగు, దాటడం ఇంకొకటి. వీడియోకి బాగుంటుంది, నీళ్ళు రెండువైపులా లేస్తాయి. ఆ నీళ్ళు కింద ఎవరు తాగుతున్నారో వీడియోలో ఉండదు. చాలా గూడేలకి ఇప్పటికీ గెడ్డ పక్క చెలమే నీటివసతి. చైన్ ఆయిలూ, బురదా అందులోకే. ఇక టైరు గాళ్ళలో ఇరుక్కుని వచ్చే మట్టిలో మన ఊరి వయ్యారిభామ కలుపు గింజలు ఉంటాయి. మధురవాడ ఖాళీ స్థలంలో అంటుకున్నవి మన్యంలో రాలతాయి. బండి కడిగి బయల్దేరడం అందంకోసం కాదు.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఇదే సంగతి మరీ దారుణం. పేరుకి మట్టి గానీ అది ఇసుక. ఇనుము తుప్పు పూత పట్టి ఎర్రబడిన ఇసుక, వేల ఏళ్ళుగా గాలి తెచ్చి పోసింది, వాన కోసి లోయలు చేసింది. ఇలాంటివి మళ్ళీ తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప దగ్గర్లో లేవు. జియలాజికల్ సర్వే దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. గట్టిగా అతుక్కున్న రాయి కాదు కాబట్టి పైపొర ఒకసారి చిట్లితే కింద అంతా వదులే. పిల్లలు జారుడుబండ ఆడినా రాలే చోట జీపు టైరు ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. ఇది అభయారణ్యం కాదు. అంటే సెక్షన్ 27 పనికిరాదు. ఒక్కో ముక్కకి ఒక్కో శాఖ, తీరప్రాంత నియమాలు కొంత మేరకు. కాపలా ఎవరి పని అన్న దగ్గరే ఆగిపోతుంది. చట్టం గట్టిగా ఉన్న చోట మట్టి కాస్త తట్టుకుంటుంది, మట్టి అసలు తట్టుకోలేని చోట చట్టం పల్చన. మన దగ్గర చిక్కు ఇలాగే ఉంటుంది.

డోలీ మోసేవాళ్ళ రోడ్డు

ఇంతవరకు చదివి, "అయితే అడవుల్లో బళ్ళే వద్దనాలి" అనుకునేవాళ్ళు ఉంటారు. నగరంలో కూర్చుని అలా అనుకోవడం తేలిక. అల్లూరి జిల్లాలో ఇప్పటికీ నెలలు నిండిన మనిషిని డోలీ కట్టి కొండ దించుతున్న వార్త వానాకాలమంతా పేపర్లో వస్తూనే ఉంటుంది. వాళ్ళకి మట్టిదారి మీద బండి రావడం సరదా కాదు, ప్రాణం. అంబులెన్సు రాలేని చోట్లకి బైకుతో నడిచే ఫీడర్ అంబులెన్సులు పెట్టింది అందుకే. మనం ముచ్చటకి తోలే బండే అక్కడ ఆసుపత్రికి మొదటి మెట్టు.

అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) వాళ్ళకోసం ఒక తలుపు తీసింది. బడి, అంగన్వాడీ, తాగునీరు, రోడ్డు వగైరా 13 రకాల ప్రభుత్వ వసతులకి, ఒక్కోదానికి హెక్టారుకి తక్కువ అటవీభూమి, హెక్టారుకి 75 చెట్లకి మించకుండా కొట్టి, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వొచ్చు. హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు. ఐదు మీటర్ల వెడల్పున తీస్తే రెండు కిలోమీటర్ల లోపు రోడ్డు. నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న గూడేనికి ఇది చాలదు. అప్పుడు 1980 అటవీ సంరక్షణ చట్టం కింద పెద్ద దారిన పోవాలి, ఫైలు ఎక్కడుందో కనుక్కోవడమే ఒక ప్రయాణం. 2023లో వచ్చిన కేంద్ర పథకం పీఎం జన్‌మన్‌లోనూ, 2025 ఏప్రిల్‌లో అల్లూరి జిల్లాలో మొదలైన రాష్ట్ర కార్యక్రమం 'అడవి తల్లి బాట'లోనూ ఈ రోడ్లకే డబ్బు పెట్టారు.

ఇక్కడే అసలు మెలిక. అంబులెన్సు కోసం వేసిన రోడ్డు అంబులెన్సు ఒక్కదానికే తెరుచుకోదు. రోడ్డు పడిన ఏడాదికి దాని చివర జలపాతం మ్యాపులోకి ఎక్కుతుంది, మరుసటి శీతాకాలానికి టెంట్లు వస్తాయి, ఆ మరుసటికి డీజే. మోటారు వాహనాలు వద్దనేవాళ్ళూ, మా హక్కు అనే రైడర్లూ ఇద్దరూ ఒకటే పొరపాటు చేస్తున్నారు. దారికి ఒకే జవాబు ఉండాలని. ఎవరి చక్రం, ఏ పనికి, ఏ నెలలో అన్న మూడు ప్రశ్నలు వేస్తే ఒకే దారికి మూడు జవాబులు వస్తాయి, అందులో ఏ వింతా లేదు.

కటికి జలపాతం దగ్గర ఇది ఎవరూ జీవో ఇవ్వకుండానే కొంత జరుగుతోంది. బొర్రా వైపు నుంచి లోపలికి రాళ్ళదారి. మన కార్లు పోవు, స్థానిక కుర్రాళ్ళ జీపులు పోతాయి, ఆ పైన నడక. ఆ జీపులు చూస్తే భయమేస్తుంది, నిజం. కానీ తోలేవాడికి ప్రతి రాయీ తెలుసు. చక్రం ఎక్కడ తిప్పితే దారి ఉంటుందో, ఎక్కడ తిప్పితే పోతుందో తెలుసు. దారి పోతే రేపు అతనికి బేరం లేదు కాబట్టి అతనే రాళ్ళు సర్దుతాడు. వంద బైకుల బదులు పది జీపులు, డబ్బు అక్కడే ఉంటుంది. లోటుపాట్లు లేవనను. ధర నోటికొచ్చినట్టు చెబుతారు, రద్దీ రోజుల్లో పదిమందిని ఎక్కిస్తారు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ సంగతి అడగకపోవడం మంచిది. అయినా నాకు తెలిసినంతలో దారిని కాచుకునే కారణం ఉన్న డ్రైవర్లు వాళ్ళే.

నన్నడిగితే చెయ్యాల్సింది పెద్ద చట్టమేమీ కాదు. ముందు జాబితా. మండలానికో పటం వేసి, ఏ మట్టిదారి అందరిదీ, ఏది ఎండాకాలంలోనే, ఏది ఊరివాళ్ళకే, ఏది ఎవరికీ కాదు అని తెలుగులో రాసి దారి మొదట్లో బోర్డు పెట్టడం. కంబాలకొండ లాంటి చోట గీత తేలికే. మన్యంలో గ్రామసభని అడగకుండా గీస్తే అది మళ్ళీ సెటిల్‌మెంట్ ఆఫీసరు కథే అవుతుంది. వానల్లో మూయడానికి అధికారం ఇప్పటికే ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 115 కింద ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన అధికారి గానీ రోడ్డు స్థితిని బట్టి బళ్ళు ఆపొచ్చు. నెల లోపు ఆంక్షకి గెజిటు కూడా అక్కర్లేదు. చాలా పులుల అభయారణ్యాల్లో కోర్ ప్రాంతం జూలై నుంచి సెప్టెంబరు దాకా పర్యాటకులకి మూసేస్తున్నారు, ఎవరి కొంపా మునగలేదు. అంబులెన్సుకీ, సంత ఆటోకీ, ఊరి బండికీ మినహాయింపు పెట్టుకోవచ్చు. రైడర్ల వైపు నుంచి నాలుగు బళ్ళకి మించి గుంపు కట్టకపోవడం, వాన పడ్డ మూడు రోజులదాకా మట్టి ఎక్కకపోవడం, గీత పంచుకునే ముందు అది ఎవరి దారో అడగడం ఎవరి జీవో కోసమూ ఆగక్కర్లేదు.

మొన్న డిసెంబరులో మళ్ళీ ఆ గూడేనికి వెళ్ళాను. దారి మొదట్లో రెండు గుంజలు పాతి అడ్డంగా వెదురు గెడ కట్టారు. పక్కన అట్టముక్క మీద బొగ్గుతో "బళ్ళు ఇక్కడే. 20 రూపాయలు" అని రాసుంది. గెడ దగ్గర పదేళ్ళ పిల్లాడు కాపలా. ఈ గెడకి అధికారం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగాలనిపించలేదు. ఇరవై ఇచ్చి, బండి స్టాండు వేసి నడిచాను. జలపాతానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. దారిలో గండి ఇంకా ఉంది. అడుగున రాళ్ళు పేర్చారు, గట్టున గడ్డి మొలుస్తోంది. తిరిగొచ్చేసరికి పిల్లాడు నా బండెక్కి కూచుని నోటితో చప్పుడు చేస్తున్నాడు. నన్ను చూసి దిగబోయాడు. ఉండమన్నాను. "ఇది ఎంత స్పీడెళ్తాది?" అని అడిగాడు.